ఒక్క ‘ఇన్’ తెచ్చిన చిక్కు

ఇంగ్లీషు పరీక్షాపత్రాలు దిద్దే ఉపాధ్యాయులకు సుపరిచితమైన తప్పు ఒకటి ఉన్నది. అన్నగారు కళాశాలలో చేరిన సంగతి రాయవలసి వచ్చినప్పుడు విద్యార్థి ‘హి జాయిన్డ్ ఇన్ ద కాలేజ్’ అని రాస్తాడు. ఉపాధ్యాయుడు ఆ ‘ఇన్’ మీద ఎర్రసిరాతో గీత గీస్తాడు. అదే విద్యార్థి మరొకచోట, పిల్లలందరూ పాడుతుండగా ఒక బాలిక తానూ గొంతు కలిపిందని చెప్పవలసి వచ్చినప్పుడు ‘షి జాయిన్డ్’ అని రాసి ఊరుకుంటాడు. ఈసారి ఉపాధ్యాయుడు అదే ఎర్రసిరాతో ‘ఇన్’ను పైన చేరుస్తాడు. మొదటిచోట దానిని ఎందుకు కొట్టివేశారో, రెండవచోట ఎందుకు చేర్చారో ఆ పిల్లవానికి తెలియదు. ఒకే మాట ఒకచోట దోషం, మరొకచోట అవశ్యం. ఇట్టి భాషలో తర్కం లేదని, కంఠస్థం చేయడమే శరణ్యమని అతడు నిశ్చయించుకుంటాడు. శ్రీకాకుళం మొదలు విజయనగరం దాకా పుస్తకాల అంగళ్ళలో అమ్ముడుపోయే గైడ్లు ఆ నిశ్చయాన్ని బలపరుస్తున్నవి.

తర్కం లేకపోలేదు. అయితే అది ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకంలో కంటె పిల్లవాని తెలుగులోనే సుళువుగా దొరుకుతుంది.

మొదటి తప్పు ఎక్కడనుంచి వచ్చిందో చూడవలె. ‘కాలేజీలో చేరాడు’ అన్నది తెలుగు వాక్యం. ఆ ‘లో’ అనే విభక్తి ప్రత్యయం కాలేజీ అనే నామాన్ని అంటిపెట్టుకొని ఉన్నది. తెలుగులో ‘చేరు’ అకర్మకక్రియ. దేనిలో చేరాడో, దేనికి చేరాడో, ఎవరితో చేరాడో విభక్తి చెప్పవలసిందే. ఇంగ్లీషులో ‘జాయిన్’ కళాశాలను నేరుగా కర్మగా పట్టుకుంటుంది. మన ‘చూచు’ క్రియ చెట్టును పట్టుకున్నట్లు అది కళాశాలను పట్టుకుంటుంది. నడుమ మరో మాటకు చోటు లేదు. పిల్లవాడు తన ‘లో’ను వదలలేక ‘ఇన్’గా మార్చి అక్కడ నిలబెడుతున్నాడు. ఇది అజ్ఞానం కాదు. తన భాషా వ్యాకరణాన్ని నమ్మకంగా పాటించడమే. ఆ మాట వానికి తెలుగులో చెప్పినట్లయితే రెండవసారి గీత గీయవలసిన అవసరం సాధారణంగా కలగదు.

రెండవ వాక్యంలోని ‘ఇన్’ జాతి వేరు. అది నామానికి చెందినది కాదు, క్రియకు చెందినది. ‘జాయిన్ ఇన్’ అన్న రెండు మాటలూ కలిసి ఒక్క క్రియ. ఇతరులు అప్పటికే చేస్తూ ఉన్న పనిలోకి తానూ దిగడం దాని అర్థం. ఆట సాగుతూ ఉండవలె, పాట సాగుతూ ఉండవలె, నవ్వులు వినిపిస్తూ ఉండవలె. అప్పుడు ఒకరు వచ్చి అందులో భాగం పంచుకుంటారు. దాని పక్కన కర్మ లేకపోయినా వాక్యానికి లోటు లేదు. ఏ పనిలో కలిశారో ముందటి వాక్యమే చెప్పి ఉంటుంది. గాయకబృందంలో సభ్యుడుగా చేరడం ‘జాయిన్’. ఆ బృందం పాడుతుండగా సభలోని వారు తామూ పాడడం ‘జాయిన్ ఇన్’. ఒకటి పట్టికలో పేరు ఎక్కడం, రెండవది నోరు విప్పడం. పేరున్న వారందరూ నోరు విప్పరనీ, నోరు విప్పేవారందరికీ పట్టికలో పేరుండదనీ మన సాహిత్యసంఘాల నడవడి ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

క్రియ పక్కన ఒక చిన్నమాట చేరి అర్థాన్ని మార్చివేయడం తెలుగు ఉపాధ్యాయునికి కొత్త విషయం కాదు. సంస్కృత ధాతువులకు ముందు ఉపసర్గలు చేసే పని ఇదే. ‘హార’ శబ్దం ఒక్కటే. ఆహారమయితే ప్రాణం నిలుపుతుంది, సంహారమయితే తీస్తుంది, విహారమయితే కాళ్ళు సాగుతాయి, పరిహారమయితే సొమ్ము ముడుతుంది. ఇంగ్లీషువారు ఈ పనిని క్రియకు వెనుక చేస్తారు, సంస్కృతంలో ముందు చేస్తారు. తేడా చాలావరకు స్థానంలోనే.

ఇందులో మరొక చక్కని సంగతి ఉన్నది. ‘జాయిన్’ అనే మాట ఫ్రెంచి మీదుగా లాటిన్ ధాతువు నుంచి వచ్చింది. ఆ లాటిన్ ధాతువూ, మన వ్యాకరణాలు చెప్పే ‘యుజ్’ ధాతువూ ఒకే మూలానికి చెందినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ధారించారు. కాడిని చెప్పే ఇంగ్లీషు మాట ‘యోక్’ కూడా ఆ కుటుంబంలోదే. సంస్కృతంలో ‘యుగ’ శబ్దానికి కాడి అన్న అర్థం ఉన్నది. రెండెడ్లను ఒక కాడికి కట్టిన పూర్వుల మాట ఒకవైపు ‘జాయిన్’గా, మరొకవైపు ‘యోగం’గా మిగిలింది. ఆ యోగానికి ఉపసర్గలు తగిలిస్తే ఏమవుతుందో ప్రతి విద్యార్థికీ తెలుసు. సంయోగం, వియోగం, ప్రయోగం, ఉపయోగం, అభియోగం, ఉద్యోగం. కలయిక అన్న మూలార్థం సంయోగంలో ఉన్నది, వియోగంలో తిరగబడింది, అభియోగంలో కానరాకుండా పోయింది. ఉద్యోగంలో ‘జాయిన్’ అయ్యామని చెప్పుకునే వారు ఆ వాక్యంలో ఒకే మూలాన్ని రెండుమార్లు పలుకుతున్నారని ఎరగరు. ఎనిమిదవ తరగతి పిల్లలకు నల్లబల్ల మీద ఈ ఆరు మాటలూ రాసి, తరవాత ‘జాయిన్ ఇన్’, ‘జాయిన్ అప్’ రాసినట్లయితే ఇంగ్లీషువారి చిన్నమాటలు వింతగా తోచవు.

‘జాయిన్ అప్’ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. బ్రిటిషువారి వాడుకలో దానికి సైన్యంలో చేరడమని అర్థం. ఉత్తరాంధ్రలో సైన్యంలో చేరిన బంధువు లేని పల్లె అరుదు. 1962లో స్థాపితమైన కోరుకొండ సైనిక పాఠశాల విజయనగరం పక్కనే ఉన్నది. కాబట్టి ఈ అర్థానికి ఉదాహరణ వెదకనక్కరలేదు. విడివిడిగా ఉన్నవాటిని కలపడమని మరో అర్థం. అక్షరాలు కలిపి రాసే రాతకు ఇంగ్లీషువారు వాడే విశేషణం ఇందులోనుంచి వచ్చినదే. దానికి మన గుమాస్తాలు పెట్టుకున్న ‘గొలుసుకట్టు’ అన్న పేరు ఆ విశేషణం కంటె అందమైనది.

సంస్కృతాన్ని పక్కనపెట్టి అచ్చతెలుగులోకి వస్తే సంపద ఇంకా ఎక్కువ. కలియు, కూడు, చేరు అనే మూడు క్రియలు తీసుకుంటే చాలును. వాటి వెంట మరో క్రియ నిలిచినప్పుడు అర్థం ఎంత దూరం పోతుందో గమనించవలె. చేరదీయడం అంటే దిక్కులేనివానికి ఆశ్రయమివ్వడం. చేరవేయడం అంటే కబురో సామానో మోసుకుపోయి అందించడం. కూడగట్టడం అంటే బలాన్నో ధైర్యాన్నో సమీకరించడం. నలుగురు కూడబలుక్కున్నారంటే ముందుగా మాట అనుకొని వచ్చారని అర్థం, అందులో కొంత గూడుపుఠాణి వాసన కూడా ఉన్నది. ఇక ‘కలిసివచ్చు’ అన్న మాట చూడండి. ‘ఈ ఏడు పంట కలిసివచ్చింది’ అన్న వాక్యంలో ఎవరు ఎవరితో కలిశారు? ఎక్కడికి వచ్చారు? నిఘంటువు చేతబట్టుకొని ఒక్కొక్క మాటకూ అర్థం వెదికే విదేశీయునికి ఆ వాక్యం ఏనాటికీ బోధపడదు. మన పిల్లలు మాత్రం బడిలో అడుగుపెట్టకముందే దానిని వాడగలరు. రెండు మాటలు కలిసి మూడవ అర్థాన్ని ఇస్తాయన్న సూత్రాన్ని వారికి ఎవరూ నేర్పలేదు; వారు ఎరుగుదురు. ఇంగ్లీషు గంట మోగగానే ఆ ఎరుకను బయట వదలి రమ్మని వారిని ఆజ్ఞాపిస్తున్నాము.

గైడ్లలో ‘జాయిన్ ఇన్’ ఎదుట ‘పాల్గొను’ అని ఉంటుంది. అది తప్పు అనలేము. కాని సభలో పాల్గొన్నవాడు మొదటినుంచి ఆహూతుడు కావచ్చు. ‘జాయిన్ ఇన్’ చేసినవాడు జరుగుతున్నదానిని చూసి దిగినవాడు. ఆ దిగడాన్ని తెలుగువారు సందర్భాన్నిబట్టి వేరువేరు మాటలతో చెబుతారు.

పాట విషయంలో ‘అందుకొను’ అన్నది అన్నిటికంటె దగ్గరి మాట. శ్రీకాకుళ, విజయనగర మండలాల్లో జముకులకథ విన్నవారికి ఇది వివరించనక్కరలేదు. కథకుడు ఒక చరణం ఎత్తుకుంటాడు, పక్కనున్నవారు దానిని అందుకుంటారు. తప్పెటగుళ్ళలో గుండెలమీద తప్పెట కట్టుకొని వలయంగా ఆడే గొల్లల జట్టు నాయకుని పాటను అందుకొని సాగిస్తుంది. పల్లవి అందుకున్నారని అంటే ‘జాయిన్డ్ ఇన్’ అన్నదానికి అంతకు మించిన తెలుగు లేదు. వంతపాడడమనే మాట కూడా ఇక్కడిదే. బుర్రకథలో కథకునికి ఇరుపక్కలా నిలిచేవారు వంతలు. వారు లేకపోతే కథ నడవదు. కాలక్రమేణ ఈ గౌరవనీయమైన మాట నిందార్థంలో పడిపోయింది. ఇవాళ అధికారికి వంతపాడాడంటే ముఖస్తుతి చేశాడని అర్థం. అందువల్ల ఇంగ్లీషు పాఠంలోని బాలిక పాటకు ‘వంతపాడింది’ అని అనువదించిన విద్యార్థి సగం ఒప్పు, సగం తప్పు. ఆ సగం ఎక్కడ ఒప్పో ఎక్కడ తప్పో చర్చించే ఉపాధ్యాయుడు ఒక్క గంటలో రెండు భాషలు నేర్పినవాడవుతాడు.

పని విషయంలో ‘చెయ్యి వేయు’ అంటారు. బరువు ఎత్తేవారు ‘ఒక చెయ్యి వెయ్యండి’ అని దారిన పోయేవారిని పిలుస్తారు. వరినాట్లను ఈ ప్రాంతంలో ఉభాలంటారు. ఉభాల వేళ మడిలోని వరసకు మరొకరు వచ్చి కలిస్తే వారు వంగి నాటడమే కాక, సాగుతున్న పాటనూ అందుకుంటారు. ఇంగ్లీషు క్రియకు ఆ మడిగట్టు మీద దొరికే వివరణ మరెక్కడా దొరకదు. ఆట విషయంలో పిల్లలు ‘నన్నూ కలుపుకోండి’ అని బతిమాలుతారు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. తెలుగు పిల్లవాడు తానై కలవడు. ఆడుతున్నవారు తనను కలుపుకోవలె. ఇంగ్లీషు పిల్లవాడు ‘కెన్ ఐ జాయిన్ ఇన్?’ అని తన పక్షాన అడుగుతాడు. అడిగేది ఒకటే అయినా కర్తృత్వం మారింది.

తగవు విషయంలో ‘తలదూర్చు’ అంటారు, దుఃఖంలో ‘పాలుపంచుకొను’ అంటారు. మాటల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ‘మాట కలిపాడు’ అంటే సాగుతున్న సంభాషణలో దిగాడని కాదు, అపరిచితునితో సంభాషణ ఆరంభించాడని. రైలుబండిలో ఎదుటి వానితో మాట కలపడానికి ‘జాయిన్ ఇన్’ పనికిరాదు. ‘చేతులు కలిపారు’ అన్న పత్రికాభాష కూడా చూడదగినదే. ఇంగ్లీషులో అది తరచుగా సత్కార్యానికి చెల్లుతుంది. తెలుగు పత్రికల్లో నిన్నటి శత్రువులు ఎన్నికలనాటికి చేతులు కలిపినప్పుడే దానికి పదును.

చేరు, చేర్చు, కూడు, కూర్చు, కలియు, కలుపు. ఈ జంటలను వ్యాకరణం అకర్మక సకర్మకాలని చెప్పి ముందుకు పోతుంది. వీటి విలువ ‘జాయిన్’ ఎదుట నిలిపినప్పుడు తెలుస్తుంది. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. తెలుగువారికి ఈ లోటు భరించరానిదైంది. అందుకనే ఆ మాటను అరువు తెచ్చుకున్నా ‘జాయిన్ అయ్యాడు’, ‘జాయిన్ చేశారు’ అని రెండుగా చీల్చుకున్నారు. తెలుగు మర్యాద ప్రకారం అది చక్కని చీలిక. ఇంగ్లీషులోకి తిరిగి పోయినప్పుడే ప్రమాదం. ‘మా తండ్రిగారిని ఆసుపత్రిలో జాయిన్ చేశాను’ అన్నది ఇవాళ ప్రతి ఇంటి తెలుగు. దానిని సెలవుచీటీలో ‘ఐ జాయిన్డ్ మై ఫాదర్ ఇన్ ద హాస్పిటల్’ అని రాస్తే ఇంగ్లీషువాడు కొడుకు కూడా వెళ్ళి ఆసుపత్రిలో తండ్రితో కలిశాడని అర్థం చేసుకుంటాడు. పక్క మంచం మీద పడుకున్నాడని అనుకున్నా ఆశ్చర్యం లేదు. బడిలో పిల్లవానిని ‘జాయిన్ చేయడం’ కూడా ఇంతే. అక్కడ వారు ‘అడ్మిట్’ అనో ‘ఎన్‌రోల్’ అనో అంటారు.

ఈ భేదం సెలవుచీటీలతో ముగిసిపోయేది కాదు. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం ఆ రాష్ట్రంలోకి పోయింది. ‘పర్లాకిమిడి జాయిన్డ్ ఒరిస్సా’ అని ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసి తప్పుకోవచ్చు. తెలుగులో రాసేవాడు కలిసిందని రాయవలెనా, కలిపారని రాయవలెనా తేల్చుకోవలె. తేల్చుకున్న మరుక్షణంలో ఒక పక్షాన నిలిచినవాడవుతాడు. గిడుగు రామమూర్తి పంతులుగారికి ఆ విషయంలో సందేహం లేదు. దశాబ్దాలు నివసించిన ఆ పట్టణాన్ని విడిచి వారు రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినప్పుడు శ్రీకాకుళం జిల్లాలోని పాలకొండ, సీతంపేట ప్రాంతాలు అందులో చేరాయి. చేరాయా, చేర్చారా అన్నది పాలకొండ టీదుకాణాల్లో నేటికీ అడగవచ్చును. ప్రకృతి ఒక్కటే ఈ ప్రశ్నకు అతీతంగా ఉన్నట్లు తోస్తుంది. వంగర దగ్గర సంగాం గ్రామంలో సువర్ణముఖి, వేగవతి నాగావళిలో కలుస్తున్నవి. వాటిని ఎవరూ కలపలేదు.

గిడుగువారి ప్రసక్తి ఇక్కడ ఊరక వచ్చినది కాదు. శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన ఆయన 1880 నుంచి పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. తెలుగు పాఠాన్ని సంస్కరించవలసిన అవసరం ఇంగ్లీషు దొర ఒకరు అడిగిన ప్రశ్నతో బలపడిందన్న చరిత్ర నేటి ఉపాధ్యాయులు మరువరాదు. 1907లో జె.ఎ. యేట్స్ ఉత్తర సర్కారులకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, వారి పుస్తకాల్లోని తెలుగు మరొకటి కావడం ఆయనకు అంతుపట్టలేదు. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రధానాధ్యాపకులు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, దీనికి సమాధానం చెప్పగలవారు విజయనగరంలో గురజాడ అప్పారావుగారు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు అని వారు సూచించారు. ఆ నలుగురి కలయిక ఏమి చేసిందో తెలుగు వచనం చదివే ప్రతివారికీ తెలుసు. అడగవలసిన ప్రశ్నను అడిగినవాడు పరాయివాడు. ఉత్తరం ఇక్కడే ఉన్నది.

గురజాడవారు అప్పటికే మరో తీరున ఉత్తరం చెప్పి ఉన్నారు. 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పెరిగి వెలువడిన ‘కన్యాశుల్కం’లో వెంకటేశం తల్లి ముచ్చటపడి గురుశిష్యులను ఇంగ్లీషులో మాట్లాడుకొమ్మంటుంది. గిరీశం, వెంకటేశం తమకు నోటికి వచ్చిన పొంతనలేని పాఠాలముక్కలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. తల్లి ఆనందిస్తుంది. ప్రేక్షకులు వందేళ్ళకు పైగా నవ్వుతున్నారు. ఆ నవ్వులో చేదు ఉన్నదని గ్రహించినవారు తక్కువ. తన ఇంట, తన ఊర చెప్పవలసిన ఒక్క మాటకూ ఉపయోగపడని ఇంగ్లీషును ఆ పిల్లవాడు మోస్తున్నాడు. ‘జాయిన్ ఇన్: పాల్గొను’ అని పదిమార్లు రాసి పరీక్ష దాటే నేటి విద్యార్థి అతని వంశీకుడే.

యేట్స్ కాలంలో తల్లిభాష జోలికి పోకుండా వస్తువునూ చేష్టనూ చూపి పరభాష నేర్పే పద్ధతికి మంచి ప్రచారం ఉండేది. చిన్నతరగతుల్లో కుర్చీ చూపి కుర్చీ అనడానికి అది దివ్యమైన పద్ధతి. ‘జాయిన్ ఇన్’ను చూపగల వేలు లేదు. నిరుడు నేర్చుకున్న ‘జాయిన్’తో, తల్లి దగ్గర నేర్చుకున్న ‘కలుపుకొను’తో పోల్చి చూస్తేనే దాని హద్దులు తెలుస్తాయి. అయినా ఆ పాత పద్ధతి ఇప్పుడు పద్ధతిగా కాక నిషేధంగా మిగిలింది. ఇంగ్లీషు తరగతిలో తెలుగు మాట్లాడరాదన్న నియమం అనేక ప్రైవేటు పాఠశాలల్లో గౌరవచిహ్నమైంది. 2019 నవంబరులో ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్లమాధ్యమాన్ని ప్రవేశపెడుతూ ఉత్తర్వులు వెలువడ్డాయి. 2020 ఏప్రిల్‌లో ఉన్నత న్యాయస్థానం వాటిని కొట్టివేసింది. ఉత్తర్వు పోయినా ఊపు ఆగలేదు. తల్లిదండ్రుల కోరికను తప్పుపట్టి లాభం లేదు. ఉద్యోగం ఏ భాషలో ఉన్నదో వారికి తెలుసు. ఆ కాలంలోనే ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉండేటట్లు పాఠ్యపుస్తకాలు అచ్చువేశారు. ఆ ఏర్పాటులో వివేకం ఉన్నది. కాని ఎడమపుటకూ కుడిపుటకూ నడుమ ఉన్న మడతలోనే ‘ఇన్’ చిక్కుకుపోతుంది. ఆ మడతను విప్పవలసినవాడు ఉపాధ్యాయుడు. తెలుగు మాట్లాడితే అపచారమని భయపడేవాడు దానిని విప్పలేడు.

తెలుగు అన్నప్పుడు ఏ తెలుగు అన్న ప్రశ్న కూడా వస్తుంది. ఈ ప్రాంతపు పిల్లవాడు ‘బేగి రా’ అంటాడు, ‘ఒగ్గెయ్’ అంటాడు. ఇంగ్లీషు మాటకు సమానార్థకం అడిగినప్పుడు వాని నోట మొదట వచ్చేది ఈ తెలుగే. దానిని అక్కడే మోటని తోసిపుచ్చితే వాడు మరునాడు గైడులోని ‘పాల్గొను’ను అప్పజెబుతాడు, అంతటితో పాఠం చచ్చిపోతుంది. చాసో, రావిశాస్త్రి, కాళీపట్నం రామారావుగార్లు ఈ పలుకుబడిని కథల్లోకి ఎత్తినప్పుడు యావదాంధ్రమూ చదివి ఆనందించింది. తరగతిగదిలో దానికి చోటు లేదనడం వింత.

ఇంకొక మెట్టు పైకి ఎక్కితే కొండలు వస్తాయి. సీతంపేట ప్రాంతపు పాఠశాలల్లో సవర పిల్లలకు తెలుగే పరభాష, ఇంగ్లీషు మూడవది. గిడుగువారు సవర నేర్చుకొని, ఆ పిల్లలకు బడులు పెట్టి, పుస్తకాలు రాసి, 1931లో ఆ భాషకు ఇంగ్లీషులో వ్యాకరణగ్రంథం వెలువరించారు. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. ఈ రెండూ కేవలం పండితుల బీరువాలకు పరిమితం కావలసినవి కావు. సవర భాషలో ఒక అపూర్వమైన లక్షణం ఉన్నది. తినడం, కోయడం వంటి క్రియ పక్కన తినే వస్తువు పేరునో కోసే వస్తువు పేరునో కుదించి అతికిస్తారు. నామం క్రియలో లీనమై, కాలాన్నీ పురుషనూ తెలిపే ప్రత్యయాలు ఆ తరవాత వస్తాయి. రెండు మాటలు కలిసి ఒక్క క్రియ కావడం సవర బాలునికి అంత సహజం. తెలుగులో క్రియ వెంట క్రియ, ఇంగ్లీషులో క్రియ వెంట చిన్నమాట, సవరలో క్రియలోనే నామం. ఇట్లా మూడు తీర్ల అతుకులు ఒకే బల్లమీద కూర్చున్న ముగ్గురు పిల్లల నోళ్ళలో ఉన్నవి.

పద్ధతి అంటే పెద్ద శిక్షణాశిబిరాలు అవసరం లేదు. వారానికి ఒక గంట, నల్లబల్ల, సుద్దముక్క చాలును. ఇంగ్లీషు క్రియను వాక్యంలో రాయవలె, ఒంటరిగా కాదు. ఆ సందర్భంలో మీ ఇంట్లో ఏమంటారని అడగవలె. వచ్చిన జవాబులన్నీ రాయవలె: అందుకున్నది, గొంతు కలిపింది, వంతపాడింది, చెయ్యి వేసింది. ఏది సరిపడుతుందో, ఏది ఎందుకు సరిపడదో పిల్లలచేతనే కొట్టివేయించవలె. కొట్టివేసే సుద్దముక్క ఈసారి ఉపాధ్యాయుని చేతిలో ఉండదు. బల్లమీద ఇంగ్లీషుకు ఒక నిలువుగడి, తెలుగుకు ఒక నిలువుగడి గీస్తే సరిపోతుంది. సీతంపేట, భామిని వైపు బడులలో మాత్రం సవరకు మూడవ గడి కూడా గీయవలె. దానిని నింపడానికి ఉపాధ్యాయునికి సవర రానక్కరలేదు. పిల్లలు చెబుతారు, ఆయన వారిని అడిగి రాసుకుంటే చాలును. గిడుగువారు తెలుగు వచ్చిన సవరలను కూర్చోబెట్టుకొని ఆ భాష నేర్చుకున్నది అట్లాగే.